జీర్ణక్రియ: ఆహారం అరగడం, ఒంటబట్టడం

నిర్వచనం, పరిధి

తిన్న ఆహారాన్ని శరీరం వాడుకోగలిగినంత చిన్న అణువులుగా విడగొట్టడం జీర్ణక్రియ. ఆ అణువులు పేగు గోడను దాటి రక్తంలోకో శోషరసంలోకో చేరడం శోషణం. వాడుక తెలుగులో ఈ తేడా స్పష్టంగానే ఉంది. తిన్నది అరగడం ఒకటి, ఒంటబట్టడం మరొకటి. "ఎంత తిన్నా ఒంటబట్టడం లేదు" అని పిల్లవాడి గురించి పెద్దలు అనే మాటకూ, వైద్యులు శోషణలోపం అని చెప్పే స్థితికీ దగ్గరి పోలిక ఉంది.

జీర్ణనాళం నోటి నుంచి మలద్వారం దాకా సాగే గొట్టం. దాని రెండు కొసలూ బయటికి తెరుచుకున్నవే. కాబట్టి ఆ గొట్టంలో ఉన్నంతసేపూ ఆహారం ఒంట్లోకి చేరినట్టు కాదు. పొరపాటున మింగిన చింతగింజ ఒకటి రెండు రోజుల్లో చెక్కుచెదరకుండా బయటికి వచ్చేస్తుంది. అది శరీరం గుండా వెళ్ళింది తప్ప శరీరంలోకి వెళ్ళలేదు. జీర్ణవ్యవస్థ పడే పాటంతా ఈ హద్దు దాటించడం కోసమే.

ఈ ప్రక్రియను వివరించడానికి ఇక్కడ నెయ్యి వేసి కలిపిన పప్పన్నం ముద్దను ఉదాహరణగా తీసుకున్నాం. అన్నంలో పిండిపదార్థం, పప్పులో పిండితోపాటు చెప్పుకోదగ్గ మాంసకృత్తులు, నేతిలో కొవ్వు ఉంటాయి. మూడు ప్రధాన పోషకాల దారులూ ఆ ఒక్క ముద్దలోనే కనిపిస్తాయి.

భావనల చరిత్ర

ఆహారాన్ని పచనం చేసేది జఠరాగ్ని అని ఆయుర్వేదం చెప్పింది. చరకసంహిత చికిత్సాస్థానంలో 15వ అధ్యాయం గ్రహణి రోగానికి సంబంధించినది. పక్వం కాని అన్నాన్ని పట్టి ఉంచి, పక్వమయ్యాక కిందికి వదిలే స్థానంగా గ్రహణిని అందులో వర్ణించారు.

ఐరోపాలో 18వ శతాబ్దం దాకా సాగిన వివాదం వేరు: జీర్ణాశయం ఆహారాన్ని తిరగలిలా నూరుతుందా, లేక ఏదైనా ద్రవంతో కరిగిస్తుందా? ఫ్రాన్సులో రెయోమూర్ 1752లో చిన్న లోహపు గొట్టాల్లో మాంసం పెట్టి, కొసలకు జల్లెడ బిగించి, తాను పెంచుకున్న గద్దచేత మింగించాడు. గద్ద కక్కిన గొట్టాల్లో మాంసం కొంత కరిగిపోయి ఉంది. నూరుడు తగలని చోట కూడా ఆహారం అరిగిందన్నమాట. ఇటలీలో స్పల్లాంజానీ మరో అడుగు వేసి, రొట్టె నింపిన గుడ్డ సంచులను తానే మింగి పరీక్షించుకున్నాడు. జఠరరసంలోని ఆమ్లం హైడ్రోక్లోరిక్ ఆమ్లమేనని ఇంగ్లండుకు చెందిన విలియం ప్రౌట్ 1824లో తేల్చాడు. ఆ రసంలో మాంసకృత్తులను ముక్కలు చేసే పెప్సిన్‌ను 1836లో థియోడర్ ష్వాన్ గుర్తించాడు.

బతికున్న మనిషి కడుపులోకి తొంగిచూసే అవకాశం ఒక ప్రమాదం వల్ల వచ్చింది. 1822 జూన్ 6న అమెరికాలోని మాకినా ద్వీపంలో అలెక్సీ సాన్ మార్తాన్ అనే ఫ్రెంచి కెనడియన్ కూలీకి దగ్గరి నుంచి తుపాకీ గుండు తగిలింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ప్రాణం నిలబెట్టాడు గాని, పొట్ట మీది రంధ్రం జీర్ణాశయంలోకి తెరుచుకునే ఉండిపోయింది. బోమాంట్ మాంసం ముక్కలనూ కూరగాయ ముక్కలనూ పట్టు దారానికి కట్టి ఆ రంధ్రంలోకి దించి, కొన్ని గంటలకోసారి పైకి తీసి చూశాడు. జఠరరసాన్ని బయటికి తీసి, ఒంటి వేడికి సమానంగా ఉంచి, సీసాలోనూ ఆహారాన్ని అరిగించాడు. మనిషి కోపంగా ఉన్నప్పుడు జీర్ణక్రియ దెబ్బతింటుందని కూడా రాసుకున్నాడు. 1833లో పుస్తకంగా వచ్చిన ఈ పరిశీలనలు నేటికీ ప్రామాణికమే. అయితే ఆ జ్ఞానానికి మూల్యం చెల్లించింది చదువు రాని ఒక పేద కూలీ అన్న సంగతి వదిలేసి ఈ చరిత్ర చెప్పడం న్యాయం కాదు. 1880లో ఆయన పోయినప్పుడు వైద్యులు దేహాన్ని కోసి చూడకుండా, కుళ్ళేదాకా ఉంచి మరీ కుటుంబసభ్యులు పూడ్చిపెట్టారు.

జీర్ణగ్రంథుల మీద నాడుల అదుపును నిరూపించినందుకు రష్యాకు చెందిన ఇవాన్ పావ్లోవ్ 1904లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అంతకు రెండేళ్ళ ముందే, 1902లో, లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ నాడులు తెంచిన పేగు నుంచి కూడా క్లోమానికి సందేశం అందుతోందని చూపి, ఆ రసాయనానికి సెక్రిటిన్ అని పేరు పెట్టారు. హార్మోను అనే మాట 1905లో ఇక్కడి నుంచే పుట్టింది.

జీర్ణనాళం, అనుబంధ గ్రంథులు

నోరు, గొంతు, ఆహారవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగు కలిసి జీర్ణనాళం. కండరాలు పూర్తిగా సడలినప్పుడు దీని పొడవు సుమారు 9 మీటర్లు. బతికున్న శరీరంలో బిగువు వల్ల అంతకంటే తక్కువ ఉంటుంది. లాలాజల గ్రంథులు, కాలేయం, పిత్తాశయం, క్లోమం అనుబంధ అవయవాలు. వీటిగుండా ఆహారం పోదు, ఇవి తమ రసాలను మాత్రం నాళంలోకి పంపుతాయి (చూ. కాలేయం, క్లోమం).

జీర్ణక్రియ రెండు రకాలు. నమలడం, చిలకడం వంటివి యాంత్రిక జీర్ణక్రియ. ఎంజైములు నీటి అణువును చొప్పించి పెద్ద అణువుల బంధాలను తెంచడం రసాయనిక జీర్ణక్రియ. దీన్ని జలవిశ్లేషణ అంటారు.

నోరు, గొంతు

పంటి కింద నలిగిన ముద్దకు లాలాజలం తడి, జారుడు ఇస్తుంది. రోజుకు 1 నుంచి 1.5 లీటర్ల లాలాజలం ఊరుతుంది. ఇందులోని అమైలేజ్ పిండిపదార్థపు పొడవాటి గొలుసులను తెంచడం మొదలుపెడుతుంది. బడి ప్రయోగశాలలో దీన్ని కంటితో చూడవచ్చు. రెండు పరీక్షనాళికల్లో పలచటి గంజి పోసి, ఒకదానిలో లాలాజలం కలిపి, కొంతసేపయ్యాక రెంటిలోనూ అయోడిన్ చుక్క వేస్తే, లాలాజలం లేనిది మాత్రమే ముదురు నీలంగా మారుతుంది. రెండోదానిలో రంగు ఇవ్వడానికి పిండి మిగిలి ఉండదు.

మింగేటప్పుడు కొండనాలుకతోపాటు మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. స్వరపేటిక పైకి కదిలి, ఉపజిహ్విక వాలి గాలిగొట్టం దారిని కప్పుతుంది. తింటూ మాట్లాడినా నవ్వినా ఈ వరుస తప్పి మెతుకో నీటిచుక్కో శ్వాసమార్గంలోకి జారుతుంది. అదే పొలమారడం. ఎవరో తలుచుకుంటున్నారని అంటూ మాడు మీద తట్టడం ఇళ్ళలో అలవాటు. నిజంగా ఆ మెతుకును బయటికి నెట్టేది దగ్గు.

ఆహారవాహికలో ముద్ద బరువుతో కిందికి పడిపోదు. ముద్ద వెనక కండరం బిగుసుకుంటూ ముందు సడలుతూ సాగే అలలు దాన్ని నెడతాయి. అందుకే తలకిందులుగా ఉన్న మనిషి కూడా మింగగలడు. సుమారు 25 సెంటీమీటర్ల ఈ దూరం దాటడానికి గట్టి ఆహారానికి పది సెకన్లు చాలు.

జీర్ణాశయం

ఇక్కడ ఆహారం నిలవ ఉంటుంది, చిలకబడుతుంది, ఆమ్లంలో నానుతుంది. రోజుకు సుమారు 2 లీటర్ల జఠరరసం ఊరుతుంది. ఖాళీ కడుపులో దాని పీహెచ్ 1.5 నుంచి 3.5 మధ్య ఉంటుంది. ఆమ్లం ఆహారంతోపాటు వచ్చిన సూక్ష్మజీవుల్లో చాలావాటిని చంపుతుంది, మాంసకృత్తుల మడతలను విప్పుతుంది, నిద్రాణంగా ఉన్న పెప్సినోజెన్‌ను పెప్సిన్‌గా మారుస్తుంది. పప్పులోని మాంసకృత్తులు ముక్కలవడం ఇక్కడే మొదలవుతుంది. అన్నం మీద లాలాజలపు పని మాత్రం వెంటనే ఆగదు. ముద్ద లోపలికి ఆమ్లం ఇంకేదాకా అమైలేజ్ పనిచేస్తూనే ఉంటుంది.

జీర్ణాశయం తనను తానే అరిగించుకోకుండా కాపాడేది దాని లోపలి శ్లేష్మపు పొర, ఆ పొరలో ఉండే బైకార్బొనేట్. ఈ రక్షణ దెబ్బతిన్నచోట పుండు పడుతుంది. కడుపులో పుండ్లకు కారం, దిగులు కారణమని చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను పట్టుకుని ఆ నమ్మకాన్ని మార్చారు. వారికి 2005లో నోబెల్ లభించింది. నొప్పి మాత్రలు ఎక్కువగా వాడడం రెండో పెద్ద కారణం.

పలచటి గుజ్జుగా మారిన ఆహారాన్ని కైమ్ అంటారు. జఠరనిర్గమ సంవరణి కండరం దాన్ని కొద్దికొద్దిగా వదులుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే పెద్ద రేణువులు మళ్ళీ వెనక్కి పోయి నలగాల్సిందే. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం ఆలస్యంగా దిగుతుంది. పండగపూట గారెలు, బూరెలు తిన్నాక సాయంత్రం దాకా కడుపు బరువుగా ఉండడానికి ఇదే కారణం.

చిన్నపేగులో జీర్ణక్రియ

చిన్నపేగు మొదటి 25 సెంటీమీటర్లు ఆంత్రమూలం. పని చాలావరకు జరిగేది ఇక్కడా, దీని తర్వాతి భాగంలోనూ. క్లోమరసంలోని బైకార్బొనేట్ కైమ్‌లోని పులుపును విరిచేస్తుంది.

*అన్నం.* క్లోమ అమైలేజ్ పిండిని మాల్టోజు వంటి చిన్న ముక్కలుగా చేస్తుంది. వాటిని విడి గ్లూకోజుగా తెంచే మాల్టేజ్, సుక్రేజ్ వంటి ఎంజైములు పేగు కణాల అంచునే నాటుకుని ఉంటాయి. చివరి కోత శోషణ జరిగే గుమ్మంలోనే పడుతుందన్నమాట. బియ్యం ఉడికినప్పుడు పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బి ఎంజైముకు లొంగుతాయి. అన్నం చల్లారితే అందులో కొంత పిండి మళ్ళీ బిగుసుకుని అరగడానికి మొరాయిస్తుంది. చద్దన్నంలోని పిండి మొత్తం చిన్నపేగులో అరగకపోవడానికి కారణం ఇదే. ఆ మిగులు పెద్దపేగులోని బాక్టీరియాకు ఆహారమవుతుంది.

*పప్పు.* క్లోమం ట్రిప్సిన్‌ను నిద్రాణ రూపంలో పంపుతుంది. ఆంత్రమూలం గోడలోని ఎంటరోకైనేజ్ దాన్ని మేల్కొలుపుతుంది, మేల్కొన్న ట్రిప్సిన్ మిగతా ఎంజైములను మేల్కొలుపుతుంది. ఈ వరుస తప్పి అవి క్లోమంలోనే మేల్కొంటే ఆ గ్రంథి తనను తానే అరిగించుకుంటుంది (చూ. క్లోమశోథ). పచ్చి పప్పుదినుసుల్లో ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. ఉడికిస్తే అవి చాలావరకు నశిస్తాయి.

*నెయ్యి.* కొవ్వు నీటిలో కలవదు, ఎంజైములేమో నీటిలో ఉంటాయి. ఈ చిక్కును విప్పేది కాలేయం తయారుచేసి, పిత్తాశయం నిలవచేసే పైత్యరసం. అందులో ఎంజైములు లేవు. పైత్య లవణాలు కొవ్వును సన్నని బిందువులుగా చెదరగొడతాయి, క్లోమ లైపేజ్ వాటిమీద పనిచేసి కొవ్వు ఆమ్లాలుగా, మోనోగ్లిసరైడ్లుగా విడగొడుతుంది. జిడ్డు గిన్నెకు సబ్బు చేసే సాయం లాంటిదే ఇది. పని అయ్యాక పైత్య లవణాల్లో దాదాపు 95 శాతాన్ని చిన్నపేగు చివరి భాగం మళ్ళీ పీల్చి కాలేయానికి పంపుతుంది. ఉన్న కొద్ది గ్రాముల లవణాలే రోజుకు పలుమార్లు తిరుగుతూ ఉంటాయి.

శోషణం

చిన్నపేగు లోపలి తలం మఖమలు గుడ్డలా ఉంటుంది. ఆ నూగే ఆంత్రచూషకాలు. ఒక్కోటి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఎత్తు. వాటి మీది ప్రతి కణానికీ మళ్ళీ వేల సూక్ష్మచూషకాలు. ఈ తలమంతా పరిస్తే టెన్నిస్ మైదానమంత ఉంటుందని పుస్తకాలు చాలాకాలం రాశాయి, ఇప్పటికీ కొన్ని రాస్తున్నాయి. స్వీడన్ పరిశోధకులు 2014లో మళ్ళీ కొలిచి, జీర్ణనాళం మొత్తానికి సుమారు 32 చదరపు మీటర్లని తేల్చారు. ఈ కణాల ఆయుష్షు మూడు నుంచి ఐదు రోజులు. తర్వాత రాలిపోయి కొత్తవి వస్తాయి.

గ్లూకోజు, అమైనో ఆమ్లాలు చూషకంలోని సన్నని రక్తనాళాల్లో చేరి, కాలేయ ద్వారసిర గుండా ముందు కాలేయానికి వెళ్తాయి. కొవ్వు దారి వేరు. కణంలోకి వచ్చిన కొవ్వు ఆమ్లాలు మళ్ళీ కొవ్వుగా కూడుకుని, మాంసకృత్తుల పూతతో కైలోమైక్రాన్లుగా మారి, చూషకం నడుమ ఉన్న శోషరసనాళంలోకి పోతాయి. అక్కడి నుంచి ఛాతీ గుండా పైకి పాకి, మెడ మొదట్లో ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తాయి. నేతిలోని పొట్టి గొలుసుల కొవ్వు ఆమ్లాలు మాత్రం గ్లూకోజులాగే నేరుగా కాలేయానికి చేరతాయి.

ఇనుమును ఆంత్రమూలం పీలుస్తుంది. నిమ్మ, ఉసిరి వంటి వాటిలోని సి విటమిన్ దీనికి తోడ్పడితే, టీలోని టానిన్లు అడ్డుపడతాయి. భోజనానికి గంట ముందూ తర్వాతా టీ, కాఫీ తాగవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది. బి12 విటమిన్ చిన్నపేగు చిట్టచివర, అదీ జీర్ణాశయం స్రవించే ఒక ప్రత్యేక మాంసకృత్తితో జతకడితేనే ఒంటబడుతుంది.

సోడియం–గ్లూకోజు జంట: ఓఆర్‌ఎస్ వెనకున్న సూత్రం

పేగు కణం గ్లూకోజును ఒంటరిగా లోపలికి రానివ్వదు, సోడియం తోడు ఉండాలి. ఒకే వాహక మాంసకృత్తి రెంటినీ కలిపి లోపలికి చేరవేస్తుంది, వాటి వెనకే నీరు వస్తుంది. అమెరికాకు చెందిన రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో జరిగిన సదస్సులో ఈ సంగతి ప్రతిపాదించాడు. కలరాలో పేగు కణాలు నీటినీ లవణాలనూ విపరీతంగా వెలికి పోస్తాయి గాని, ఈ జంట తలుపు మాత్రం చెడిపోదు. ఉప్పునీరు ఒక్కటే తాగిస్తే నిలవదు, చక్కెర కలిస్తే నిలుస్తుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బొన్‌గావ్ శరణార్థి శిబిరాల్లో కలరా ప్రబలింది. సిర గుండా ఎక్కించే సెలైన్ నిండుకుంటుంటే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, బైకార్బొనేట్ కలిపిన నీటిని డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన శిబిరంలో 4 శాతం లోపుకు దిగాయి. పేగు కణంలోని ఒక చిన్న తలుపు గురించిన పాఠం ఇంతమంది పసిప్రాణాలను నిలబెట్టిన సందర్భం వైద్యచరిత్రలో అరుదు. 2022లో మరణించిన ఆయనకు మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సూచిస్తున్న ఓఆర్‌ఎస్ పొడిలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు ఉంటాయి. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు తాగునీటిలో ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు తలకొట్టి కలపవచ్చు. తీపి ఎక్కువైతే నీరు ఒంట్లోకి రావడానికి బదులు పేగులోకి లాగబడుతుంది. విరేచనాల పిల్లలకు కూల్‌డ్రింకులు పట్టకూడదనడం అందుకే. ఉప్పు వేసిన గంజి ఇదే సూత్రంతో పనిచేస్తుంది.

పెద్దపేగు

తాగే నీరు, ఊరే రసాలు కలిసి రోజుకు సుమారు 9 లీటర్లు జీర్ణనాళంలోకి చేరతాయి. ఎక్కువ భాగాన్ని చిన్నపేగే పీల్చగా, మిగిలినదాన్ని పెద్దపేగు పీలుస్తుంది. మలంతో పోయే నీరు 100 నుంచి 200 మిల్లీలీటర్లే.

శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉన్నాయని 2016 నాటి అంచనా. అత్యధిక భాగం పెద్దపేగులోనివే. పీచునూ, అరగకుండా వచ్చిన పిండినీ ఇవి పులియబెట్టి, పేగు గోడకు బలమిచ్చే పొట్టి కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. పప్పులు, శనగల్లోని రాఫినోజు, స్టాకియోజు అనే చక్కెరలను తెంచే ఎంజైము మనిషికి లేదు. వాటిని బాక్టీరియా పులియబెట్టినప్పుడు పుట్టే వాయువే కడుపుబ్బరం. శనగలు నానబోసి, ఆ నీళ్ళు పారబోసి ఉడికిస్తే ఈ చక్కెరలు కొంత తగ్గుతాయి.

నియంత్రణ

జీర్ణనాళం గోడలోనే 10 కోట్లకు పైగా నాడీకణాల వల ఉంది. మెదడు నుంచి ఆదేశం లేకపోయినా అది పేగు కదలికలను నడపగలదు. నాడులతోపాటు హార్మోన్లూ ఉన్నాయి. గాస్ట్రిన్ జీర్ణాశయంలో ఆమ్లం ఊరిస్తుంది. సెక్రిటిన్ క్లోమం నుంచి బైకార్బొనేట్ రప్పిస్తుంది. కొలిసిస్టోకైనిన్ పిత్తాశయాన్ని పిండి, జీర్ణాశయం ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర రెండు గంటలకోసారి ఒక బలమైన అల జీర్ణాశయం నుంచి చిన్నపేగు చివరి దాకా ఊడ్చుకుంటూ సాగుతుంది. ఆకలికి పేగులు అరుస్తున్నాయి అనేటప్పుడు వినబడేది చాలావరకు ఈ ఊడ్పు శబ్దమే.

శోషణలోపాలు

పాలలోని లాక్టోజును తెంచే లాక్టేజ్ ఎంజైము ప్రపంచంలోని పెద్దవాళ్ళలో సుమారు మూడింట రెండు వంతుల మందికి బాల్యం దాటాక తగ్గిపోతుంది. దక్షిణ భారతంలో ఇది ఉత్తరం కంటే ఎక్కువ. పాలు తాగితే ఉబ్బరం వచ్చేవారికి పెరుగు సరిపడుతుంది. తోడులోని బాక్టీరియా ఆ చక్కెరలో కొంత ముందే ఖర్చుచేసి ఉండడమే కారణం. సీలియాక్ వ్యాధిలో గోధుమలోని గ్లూటెన్ పట్ల శరీరపు ప్రతిస్పందన ఆంత్రచూషకాలను చదును చేస్తుంది.

ఉష్ణమండల స్ప్రూ వ్యాధిలోనూ చూషకాలు కుంచించుకుపోతాయి. విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత, చిక్కిపోవడం దీని లక్షణాలు. తిన్నది ఒంటబట్టకపోవడం అంటే ఏమిటో ఈ రోగిని చూస్తే అర్థమవుతుంది. ఆకుకూరల్లోని ఫోలేటుకు గ్లూటామేట్ అణువుల తోక ఉంటుంది. చిన్నపేగు పైభాగపు కణాల అంచున ఉన్న ఎంజైము ఆ తోకను కత్తిరిస్తేనే అది లోపలికి వెళ్తుంది. అంచే అరిగిపోయాక తోటకూర ఎంత తిన్నా ఫోలేటు అందదు. 1931లో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను లూసీ విల్స్ ఈస్ట్ సారంతో నయం చేయడం ఈ విటమిన్ అన్వేషణకు తొలి మెట్టు.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరుణ్ణి స్ప్రూ బలి తీసుకుంది. సుబ్బారావూ ఆ జబ్బు పడి లేచినవాడే. తర్వాత అమెరికాలో ఆయన పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనిపెట్టింది కూడా అక్కడే. స్ప్రూ రోగికి నేటికీ నెలల తరబడి ఇచ్చేవి ఈ రెండు రకాల మందులే: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. వాటితో నాలుక పూత తగ్గి ఆకలి పుడుతుంది, చదునైన చూషకాలు క్రమంగా మళ్ళీ లేస్తాయి.